వడ్రంగి కొట్టంలో సుడిగాలి

కామారెడ్డి చుట్టుపక్కల ఏ రైసుమిల్లు ముందైనా ఒక్క నిమిషం నిలబడి తలెత్తి చూడండి. కప్పు మీద పెద్ద గరాటును నిలబెట్టినట్టు, పైన గుండ్రంగా కింద సన్నంగా ఉండే రేకు డొల్ల ఒకటి కనబడుతుంది. పక్క నుంచి ఒక లావుపాటి గొట్టం అందులోకి పోతుంది. నడినెత్తి నుంచి ఇంకో గొట్టం బయటికి వస్తుంది. అడుగున సంచి కట్టి ఉంటుంది, లేదా ఊక కుప్ప పడుతుంటుంది. ఆ డొల్లలో చక్రం లేదు, మోటారు లేదు, జల్లెడ లేదు. అయినా గాలితోపాటు కొట్టుకొచ్చిన ఊకను, తవుడును గాలి నుంచి విడదీసి కిందికి దింపేస్తుంది. దాన్నే సైక్లోన్ అంటారు. ఆ డొల్లనే చిన్నదిగా చేసి వడ్రంగి కొట్టంలో ఎట్లా పెట్టుకోవచ్చో, అది ఏ దుమ్మును పట్టుకుంటుందో, ఏ దుమ్మును వదిలేస్తుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. వదిలేసే దుమ్ము సంగతి తెలియకపోతే మిగతాదంతా తెలిసినా లాభం లేదు.

సైక్లోన్ అనగానే మనకు సముద్రం గుర్తుకొస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన గురించి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాటను పుట్టించినవాడు కూడా మన బంగాళాఖాతపు తుఫాన్లను పరిశీలించినవాడే. కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆంగ్లేయుడు 1840ల్లో, చుట్ట, వలయం అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దాన్ని తయారు చేశాడు. 1789లో కాకినాడ దగ్గరి కోరంగిని ధ్వంసం చేసిన తుఫాను గురించి రాసినవాడూ ఆయనే. రేకు డొల్లకు ఆ పేరు అంటుకోవడానికి కారణం లోపల గాలి సుళ్ళు తిరగడం. దుమ్ము పట్టే ఈ పరికరానికి 1885లో జాన్ ఫించ్ అనే అమెరికన్ పేటెంటు పొందాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆకారం పెద్దగా మారలేదు. 1970ల చివర బ్రిటన్‌లో జేమ్స్ డైసన్ ఒక కోతమిల్లు మీద ఇలాంటి డొల్లను చూసి, దాన్ని ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌లో ఇమిడ్చాలని పూనుకున్నాడు. కుదిరేసరికి 5,127 నమూనాలు అయ్యాయని ఆయనే చెప్పుకున్నాడు. మనకు అన్ని అక్కర్లేదు లెండి.

ఇంతకీ వడ్రంగికి దీని అవసరం ఎందుకొచ్చింది? మా సదాశివనగర్ వైపు దర్వాజలు, కిటికీలు, మంచాలు చేసే కొట్టాల్లో వెనకటి పనిముట్లు వేరు. బాడిసతో చెక్కితే పేళ్ళు లేచేవి. రందా పడితే ఉంగరాల వంటి చుట్టలు రాలేవి. చేతిరంపం పొట్టు కూడా బరువైనదే, కాళ్ళ దగ్గరే పడేది. సాయంత్రం చీపురు పెట్టి ఊడ్చి, ఆ పొట్టును పొట్టుపొయ్యికి పంపేవాళ్ళు. ఇప్పుడు నిమిషానికి వేల చుట్లు తిరిగే కట్టర్, రందా మిషన్, రౌటర్, సాండర్ వచ్చాయి. ఇవి చెక్కను కోస్తున్నాయనడం కన్న పిండి పడుతున్నాయనడం సబబు. దానికి తోడు ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ బోర్డులు. వీటిలో చెక్కతోపాటు అంటించిన జిగురు కూడా పొడి అవుతుంది. పని అయ్యాక చాలామంది బ్లోయర్ పెట్టి ఉఫ్‌మని ఊదుతారు. నా దృష్టిలో ఆ కొట్టంలో జరిగే పనుల్లోకెల్లా చెడ్డపని అదే. కింద పడి ఊరికే ఉన్న దుమ్మును లేపి ముక్కు దాకా తెచ్చి పెట్టడమన్నమాట.

"పొట్టుల పుట్టి పొట్టుల పెరిగినం, మాకేమైతది పిల్లగా" అంటాడు మా ఊళ్ళో వడ్ల పని చేసే మామ ఒకాయన. ఆయన మాటలో సగం నిజం. కంటికి కనబడే పొట్టుతో నిజంగానే పెద్దగా ఏమీ కాదు. ముక్కులో పడితే చీదేస్తాం, గొంతులో పడితే ఉమ్మేస్తాం. మిగతా సగం గురించి చెప్పాలంటే ఒక్కసారి ఇంగ్లండు పోవాలి.

అక్కడ హై వికోంబ్ అనే ఊరు కుర్చీలకు, బల్లలకు పేరుపడ్డది. 1960ల్లో ఆ ప్రాంతంలో చెవి ముక్కు గొంతు వైద్యురాలిగా ఉన్న ఎస్మీ హాడ్‌ఫీల్డ్ ఒక సంగతి గమనించింది. చాలా అరుదుగా వచ్చే ఒక రకం ముక్కు క్యాన్సరుతో వస్తున్నవాళ్ళలో ఫర్నిచర్ పనివాళ్ళే ఎక్కువ. 1968లో ఆమె, డోనల్డ్ అచిసన్ మొదలైనవారు కలిసి దాన్ని లెక్కలతో సహా ప్రచురించారు. తరవాత ఇతర దేశాల్లోనూ అదే తేలింది. చివరికి 1995లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కట్టెదుమ్మును మనుషుల్లో క్యాన్సరు కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఉబ్బసం, ఆగని దగ్గు, చర్మం దురదలు సరేసరి. మనం బంగారంలా చూసుకునే టేకు దుమ్ము కూడా కొందరికి పడదు.

ఎంత దుమ్ముంటే ప్రమాదం? గట్టి కట్టెల దుమ్ముకు ఐరోపా సంఘం పెట్టిన హద్దు, 8 గంటల సగటున ఘనమీటరు గాలికి 2 మిల్లీగ్రాములు. దీన్ని మన కొట్టానికి అన్వయిద్దాం. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న కొట్టంలో 60 ఘనమీటర్ల గాలి పడుతుంది. అంటే ఆ కొట్టం గాలి మొత్తంలో 120 మిల్లీగ్రాముల దుమ్ము తేలుతుంటే చాలు, హద్దు చేరినట్టే. గ్రాములో ఎనిమిదో వంతు! ఒక్క దర్వాజ పలకను సాండర్‌తో రుద్దితే వచ్చే దుమ్ములో అదెంత?

ఇక్కడ మన కల్లం దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే దుమ్మును వేరుచేసే శాస్త్రమంతా అక్కడే ఉంది. వడ్లు తూర్పారపట్టేటప్పుడు చాటను తల ఎత్తుకు లేపి మెల్లగా జార్చుతాం. గట్టి గింజ కాళ్ళ దగ్గరే పడుతుంది. తాలు బారెడు దూరంలో పడుతుంది. పొట్టు ఇంకా అవతల. దుమ్ము మాత్రం ఎవరి కళ్ళల్లో పడుతుందో చెప్పలేం. ఇప్పుడు కొనుగోలు కేంద్రాల దగ్గర ఫ్యాను బిగించిన యంత్రాలు ఈ పని చేస్తున్నాయి, కాని సూత్రం చాటదే. భూమి కిందికి లాగుతుంది, గాలి పక్కకు నెడుతుంది. ఏది గెలిస్తే గింజ అటు పోతుంది.

ఈ కుస్తీకి లెక్క కట్టినవాడు జార్జ్ స్టోక్స్, 1851లో. ఆయన నియమం ప్రకారం చిన్న రేణువు నిశ్చలమైన గాలిలో దిగే వేగం దాని వ్యాసపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వ్యాసం సగమైతే దిగే వేగం నాలుగో వంతు. పదో వంతైతే వేగం నూరో వంతు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మామూలు కట్టె సాంద్రత ఘనమీటరుకు 650 కిలోలనుకొని లెక్కవేస్తే, 10 మైక్రాన్ల రేణువు సెకనుకు 2 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. నిలబడ్డ మనిషి ముక్కు ఎత్తు, అంటే ఒకటిన్నర మీటరు, దిగడానికి దానికి 12 నిమిషాలు పడుతుంది. 5 మైక్రాన్ల రేణువుకు 50 నిమిషాలు. ఒక మైక్రాను రేణువుకు దాదాపు 20 గంటలు. అదీ ఎవరూ కదలకుండా, ఫ్యాను తిరగకుండా ఉంటేనే. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరేవి ఈ 5 మైక్రాన్లూ అంతకన్న చిన్నవీ. 100 మైక్రాన్ల పొట్టు రేణువు ఒక్కటి నలిగి 5 మైక్రాన్లవైతే ఎన్ని అవుతాయి? వ్యాసం 20వ వంతు కనుక, 20ని మూడుసార్లు గుణిస్తే 8,000. తూకం మారలేదు, లెక్క మారింది.

భూమి లాగే బలం ఇంతే కాబట్టి చాట ఇంతకన్న చేయలేదు. ఆ బలాన్ని పెంచగలిగితే? సైక్లోన్ చేసే పని అదే. గాలిని గుండ్రటి డొల్లలోకి అంచు వెంట, అంటే స్పర్శరేఖ దిశలో, వేగంగా పంపుతాం. గాలి మలుపు తిరుగుతుంది. దానిలో ఉన్న రేణువుకు బరువుంది కాబట్టి తిన్నగా పోవాలని చూస్తుంది, వెళ్ళి గోడకు తగులుతుంది. మలుపులో బస్సు తిరిగినప్పుడు నిలబడ్డవాళ్ళు పక్కకు ఒరిగినట్టే. గోడ దగ్గర గాలి నెమ్మది. అందువల్ల రేణువు గోడ వెంట జారి, శంకువు కొసన ఉన్న డబ్బాలో పడుతుంది. శుభ్రపడిన గాలి అడుగు దాకా పోయి, వెనక్కి తిరిగి, నడిమధ్యన ఇంకా చిన్న సుడిగా పైకి లేచి నడినెత్తి గొట్టం గుండా బయటపడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పొలంలో లేచే సుడిగాలిని తలకిందులుగా డబ్బాలో పెట్టి మూత వేసినట్టు ఊహించుకోండి.

అందులోని త్వరణం వేగపు వర్గాన్ని వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. సెకనుకు 15 మీటర్ల వేగంతో గాలి వస్తోందనుకుందాం. మీటరు వ్యాసమున్న పెద్ద డొల్లలో త్వరణం భూమ్యాకర్షణకు 46 రెట్లు. పన్నెండున్నర సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న డొల్లలో 367 రెట్లు. డొల్ల చిన్నదైతేనే బలమెక్కువ! పెద్ద కర్మాగారాల్లో ఒక్క మహా డొల్లకు బదులు చిన్నవాటిని వరసగా బిగించడానికి కారణం ఇదే.

ఇక కొలతలకు వద్దాం. ముందు మన దగ్గరున్న వాక్యూమ్ క్లీనరు ఎంత గాలి లాగుతుందో తెలియాలి. కంపెనీవాళ్ళు అట్టపెట్టె మీద వేసే అంకెను నమ్మకండి, అది పైపు బిగించకుండా తీసింది. దానికొక సులువైన పద్ధతుంది. 200 లీటర్లు పట్టే పెద్ద పాలిథిన్ సంచి తీసుకొని గాలి బయటికొచ్చే మూతికి కట్టి, ఎన్ని సెకన్లలో ఉబ్బుతుందో గడియారంతో చూడండి. 7 సెకన్లకు కొంచెం తక్కువ పడితే సెకనుకు 30 లీటర్లన్నమాట. చిన్న వర్క్‌షాపు క్లీనర్లు, పైపు, ఫిల్టరు బిగించి ఉండగా, ఈ ప్రాంతంలోనే ఉంటాయి.

దీన్నిబట్టి డొల్ల వ్యాసం వస్తుంది. సైక్లోన్‌కు రకరకాల నిష్పత్తులున్నాయి గాని, చేసుకోవడానికి తేలికైనది ల్యాపుల్ అనే ఇంజనీరు పేరుమీద ఉన్నది. డొల్ల వ్యాసాన్ని ఒక పాలు అనుకుంటే, గాలి వచ్చే ద్వారం ఎత్తు అర పాలు, వెడల్పు పావు పాలు. గాలి పోయే గొట్టం వ్యాసం అర పాలు. నిలువు భాగం పొడవు రెండు పాళ్ళు, శంకువు పొడవు మరో రెండు పాళ్ళు. కింద దుమ్ము పడే రంధ్రం పావు పాలు. గాలి పోయే గొట్టం మూతలోంచి లోపలికి పాలులో అయిదెనిమిదో వంతు, అంటే ద్వారం అడుగుకన్న కిందికి, దిగాలి. లేకపోతే వచ్చిన దుమ్ము తిరక్కుండానే దొడ్డిదారిన బయటికి పోతుంది. ద్వారం వైశాల్యం వ్యాసపు వర్గంలో ఎనిమిదో వంతవుతుంది కదా. సెకనుకు 30 లీటర్లు 15 మీటర్ల వేగంతో రావాలంటే ద్వారం 20 చదరపు సెంటీమీటర్లుండాలి. దాన్ని 8తో గుణించి వర్గమూలం తీస్తే సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఇదే మన డొల్ల వ్యాసం. తమాషా ఏమిటంటే 50 మిల్లీమీటర్ల పైపు లోపలి వైశాల్యం కూడా దాదాపు అంతే. కాబట్టి పైపు మూతిని వేడిచేసి 63 మిల్లీమీటర్ల ఎత్తు, 31 మిల్లీమీటర్ల వెడల్పు వచ్చేటట్టు నొక్కితే సరిపోతుంది.

జీఐ రేకుతో డబ్బాలు, గరాట్లు చేసే పనివాడికి ఇది పూటపని. నిలువు భాగానికి 39.3 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు చుడితే చాలు. అతుకుకు ఒక సెంటీమీటరు అదనంగా ఉంచాలి. శంకువు దగ్గర మాత్రం చాలామంది అందాజాగా కత్తిరించి రేకు పాడు చేసుకుంటారు. పైన 12.5, కింద 3.1 సెంటీమీటర్ల వ్యాసం, 25 సెంటీమీటర్ల నిలువెత్తు కావాలి. పైథాగరస్ ప్రకారం ఏటవాలు పొడవు 25.4 సెంటీమీటర్లు. శంకువును కొస దాకా పొడిగిస్తే ఏటవాలు 33.9 సెంటీమీటర్లు. కాబట్టి రేకు మీద ఒకే కేంద్రం నుంచి 33.9, 8.5 సెంటీమీటర్ల వ్యాసార్థాలతో రెండు చాపాలు గీసి, 66.4 డిగ్రీల కోణంలో కోసుకోవాలి. ఆ ముక్కను చుట్టితే శంకువు తయారు. చాపం పొడవు లెక్కకట్టి చూడండి, 39.3 వస్తుంది, నిలువు భాగానికి అతుక్కుంటుంది. అతుకులకు మైనం పూయవచ్చు, ఎం-సీల్ పెట్టవచ్చు. లోపలివైపు మాత్రం గడ్డలు, మేకుల కొసలు ఉండకూడదు. గోడ వెంట జారే రేణువు గడ్డకు తగిలితే ఎగిరి మళ్ళీ నడి సుడిలో పడుతుంది.

రేకు పని వద్దనుకుంటే 20 లీటర్ల రంగు డబ్బాతో కూడా చేయవచ్చు. మూతకు నడుమ ఒక రంధ్రం, అంచు దగ్గర ఒకటి. అంచుది ఎల్బోతో గోడ వెంబడి తిప్పాలి. దీన్లో ఒక ఇబ్బంది ఉంది. శంకువు లేదు కనుక కింద పడిన పొట్టును సుడి మళ్ళీ కెలుకుతుంది. అమెరికాలో ఫిల్ థీన్ అనే ఆయన దీనికి మంచి ఉపాయం కనిపెట్టాడు. డబ్బా లోపల మూతకు కొంత కిందుగా ఒక పలకను అడ్డం పెట్టి, దాని అంచున 240 డిగ్రీల మేర 28 మిల్లీమీటర్ల చీలిక వదలడం. గాలి వచ్చి దిగే చోట మాత్రం చీలిక ఉండకూడదు. గోడ వెంట తిరిగే పొట్టు చీలికలోంచి కిందికి జారిపోతుంది, పలక అడ్డుగా ఉండటంతో సుడి దాన్ని ముట్టుకోలేదు. పొట్టుకు, పేళ్ళకు ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సన్న దుమ్ముకు రేకు శంకువే మేలు. వెడల్పు డబ్బాలో వ్యాసార్థం ఎక్కువ, పైగా గాలి పలచబడి వేగం తగ్గుతుంది. వేగం సగానికి పడితే బలం నాలుగో వంతుకు పడిపోతుంది.

రెండింటికీ వర్తించే సంగతి ఒకటుంది. కింది డబ్బాలోకి గాలి చొరబడకూడదు. సుడి నడుమ పీడనం బయటి గాలికన్న తక్కువ. అడుగున సన్న బెజ్జమున్నా అక్కడి నుంచి గాలి పైకి చిమ్మి, పడిన దుమ్మునంతా ఎత్తుకుపోతుంది. సైక్లోన్ పనిచేయడం లేదంటే నూటికి తొంభై పాళ్ళు తప్పు డొల్లలో ఉండదు, డబ్బా మూతలో ఉంటుంది. పాత సైకిల్ ట్యూబును కోసి వాషరుగా వేస్తే చక్కగా పట్టేస్తుంది.

డబ్బా గట్టిదై ఉండాలి కూడా. పైపుకు అడ్డంగా ఏ గుడ్డముక్కో పడి గాలి ఆగిపోతే, క్లీనరు లాగే లాగుడంతా డబ్బా మీద పడుతుంది. ఆ లాగుడు 150 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానమనుకుందాం, ఈ రకం క్లీనర్లకు అది సాధారణమే. 28 సెంటీమీటర్ల వ్యాసమున్న మూత వైశాల్యం 616 చదరపు సెంటీమీటర్లు. రెంటినీ గుణిస్తే 92 కిలోలు. 40 కిలోల వడ్ల బస్తాలు రెండు మూత మీద పెట్టినదానికన్న ఎక్కువ! ప్లాస్టిక్ డబ్బా అప్పడంలా ముడుచుకుపోతుంది. మూతకు లోపలా బయటా ప్లైవుడ్ బిళ్ళలు బోల్టులతో బిగించాలి. పక్కలకు వంగని ఇనుప డ్రమ్ము అయితే ఇంకా మంచిది.

మిత్రులు తప్పక అడిగే ప్రశ్న, క్లీనరు కొనడమెందుకు, గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను తగిలించకూడదా అని. కూడదు. ఈ నిష్పత్తిలో ఉన్న డొల్ల గాలి వేగపీడనానికి సుమారు 8 రెట్లు మింగేస్తుంది. 15 మీటర్ల వేగానికి అది 11 సెంటీమీటర్ల నీటిమట్టం. ఎగ్జాస్ట్ ఫ్యాను ఇవ్వగలిగేది సెంటీమీటరుకు కూడా చాలదు. అది గాలిని చాలా కదిలిస్తుంది గాని, అడ్డు వస్తే తోయలేదు. నమ్మకపోతే మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టాన్ని తెచ్చి, డొల్లకు ముందు ఒక కొస, వెనక ఒక కొస తగిలించి, నీళ్ళు ఎంత ఎత్తు తేడాలో నిలబడ్డాయో స్కేలుతో కొలవండి. మన ఫిజిక్సు ప్రయోగశాలలో మానోమీటరుకు దీనికి తేడా ఏమీ లేదు. రందా మిషన్‌కు మాత్రం క్లీనరు చాలదు. దానికి 100 మిల్లీమీటర్ల పైపు, అందులో సెకనుకు 20 మీటర్ల వేగం, అంటే 157 లీటర్ల గాలి కావాలి. అది వేరే బ్లోయరు పని.

ఇప్పుడు మన చిన్న డొల్లలో ఏ దుమ్ముకు ఏ గతి పడుతుందో లెక్క చూద్దాం. గాలి అందులో 5 చుట్లు తిరుగుతుందనుకుంటే రెండు మీటర్లకు కాస్త తక్కువ దూరం. ఆ వేగంతో 0.13 సెకను. ఆ కాస్త సమయంలో రేణువు గోడను చేరాలి. ఎక్కువలో ఎక్కువ దాటాల్సిన దూరం 31 మిల్లీమీటర్లు. 10 మైక్రాన్ల రేణువు భూమ్యాకర్షణలో సెకనుకు 2 మిల్లీమీటర్లు దిగుతుందన్నాం. ఇక్కడ 367 రెట్లు, అంటే సెకనుకు 70 సెంటీమీటర్లకు పైనే. 0.13 సెకనులో 9 సెంటీమీటర్లు పోగలదు, తప్పించుకోలేదు. 5 మైక్రాన్లది 23 మిల్లీమీటర్లు పోతుంది. నాలుగింట మూడు వంతులు దొరుకుతాయి, ఒక వంతు పారిపోతుంది. ఒక మైక్రానుది ఒక్క మిల్లీమీటరు కూడా పోలేదు. నూటికి మూడు దొరికితే గొప్ప. ఇదంతా కాగితం మీది లెక్క. డొల్లలో గాలి ఇంత బుద్ధిగా తిరగదు కాబట్టి నిజంలో దొరికేవి ఇంకా తక్కువే.

మా మామ కొట్టంలో కట్టింది చూస్తే ఈ లెక్క కళ్ళకు కట్టింది. డొల్ల లేనప్పుడు క్లీనరు ఫిల్టరు పొద్దెక్కకముందే పూడిపోయి, లాగడం మానేసేది. డొల్ల పెట్టాక డబ్బా నిండుతోంది, ఫిల్టరును దులిపే పని వారానికొకసారికి వచ్చింది. "మొత్తం పట్టింది, ఇగ భయం లేదు" అని ఆయన సంబరం. ఫిల్టరు విప్పి దాని మడతల్లో ఉన్నదాన్ని వేలితో తీసి చూపించాను. పౌడరు డబ్బాలోని పౌడరంత మెత్తగా ఉంది. తూకం వేస్తే డబ్బాలో దానికి ఇది ఏ మూలకూ రాదు. కాని ఊపిరితిత్తులకు కావలసింది తూకం కాదు కదా.

కాబట్టి సైక్లోన్ చేసే మేలు ఫిల్టరుకు. ఫిల్టరు పూడకుండా ఉంటే గాలి లాగుడు తగ్గదు, లాగుడు తగ్గకపోతే దుమ్ము పుట్టినచోటే దొరుకుతుంది. మనిషికి మేలు జరగాలంటే తరవాతి మెట్టు కూడా ఉండాలి. ఒకటి, సన్న దుమ్మును పట్టే హెపా ఫిల్టరు. అది ఖరీదైనదే, అయితే ముందు డొల్ల ఉంటే చాలాకాలం వస్తుంది. రెండు, డబ్బు పెట్టలేనివాళ్ళకు, క్లీనరు నుంచి వచ్చే గాలిని పైపు వేసి కొట్టం బయటికి వదలడం. నన్నడిగితే మన పల్లెల్లో రెండోదే తెలివైన పని. గోడకు ఒక బెజ్జం చాలు. పైపు కొసను ఇరుగుపొరుగు కిటికీ వైపు మాత్రం తిప్పకూడదు. వానాకాలం మనకు పడమటి గాలి జోరెక్కువ. పడమటి గోడలో పెడితే వదిలిన దుమ్మంతా మళ్ళీ లోపలికే వస్తుంది. ఏ ఏర్పాటున్నా సాండర్ పట్టినప్పుడు మూతికి బాగా అతుక్కునే ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. తువ్వాల చుట్టుకుంటే పొట్టు ఆగుతుంది, దుమ్ము ఆగదు.

మన ఏర్పాటు పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. చీకటి పడ్డాక సాండర్‌తో కాసేపు పని చేసి, లైట్లన్నీ ఆర్పి, ఒక మంచి టార్చిని పక్క నుంచి వేసి, వెలుగుకు ఎదురుగా చూడండి. గాలిలో పాలు పోసినట్టు కిరణం కనబడితే దుమ్ము ఇంకా ఉన్నట్టే. రసాయనశాస్త్రంలో చదివే టిండాల్ ప్రభావం ఇదే. మామకు మాటలతో చెప్పలేనిది ఈ టార్చి చెప్పింది. క్లీనరు గాలిని కొట్టం లోపలే వదిలినప్పుడు ఒకసారి, పైపు వేసి బయటికి పంపాక మరోసారి చూపించాను. "ఇదంతా నేను మింగుతున్ననా?" అని అడిగాడు. మర్నాడు బ్లోయరును అటకెక్కించాడు.

నిప్పు సంగతి కూడా చెప్పాలి. ఇనుము గ్రైండింగు నుంచి వచ్చే రవ్వలను ఈ పొట్టు డబ్బాలోకి ఎప్పుడూ లాగకూడదు. రవ్వ గంటల తరబడి పొట్టులో రాజుకొని రాత్రి అంటుకోగలదు. సన్న దుమ్ము గాలిలో దట్టంగా తేలుతున్నప్పుడు నిప్పు తగిలితే మండటం కాదు, పేలుతుంది. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర కర్మాగారంలో పేరుకున్న చక్కెర దుమ్ము అంటుకొని 14 మంది చనిపోయారు. చక్కెరకే అంత శక్తి ఉంటే ఎండుకట్టె మాట చెప్పాలా? మన డబ్బా చిన్నదే కనుక అంత ప్రమాదం ఉండదు గాని, బీడీ ముట్టించుకొని దాని మూత తీయడం మాత్రం వద్దు. రేకు డొల్లకు ఒక రాగితీగ చుట్టి ఎర్తుకు కలిపితే, దుమ్ము రాపిడికి పుట్టే విద్యుత్తు వేళ్ళకు చురుక్కుమనకుండా పోతుంది.

డబ్బాను మూడువంతులు నిండగానే ఖాళీ చేయాలి. శంకువు కొస దాకా నిండితే సుడి దాన్ని తిరిగి తోడేస్తుంది. క్లీనరు ఆపి పది నిమిషాలు ఆగి, మాస్కు తీయకుండానే, డబ్బాను బయటికి తీసుకుపోయి, పైన కాసిని నీళ్ళు చిలకరించి, గోనెసంచిని మూతికి బిగించి నెమ్మదిగా ఒంపాలి. టేకు, వేప పొట్టయితే పొట్టుపొయ్యిలోకి పనికొస్తుంది. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ పొట్టును మాత్రం జిగురు ఉంటుంది కనుక పొయ్యిలో పెట్టకూడదు, పశువుల కింద పరచకూడదు. అందుకే మామ కొట్టంలో ఇప్పుడు డబ్బాలు రెండున్నాయి. ఒకదాని మీద సున్నంతో కట్టె అని, రెండోదాని మీద బోర్డు అని రాసి ఉంటుంది.